కార్పొరేషన్ కేసులు ఎవరి చేతిలో పెట్టాలి?

ప్రశ్న: మా నగరపాలక సంస్థ కేసులన్నీ టెండర్ పిలిచి ఒకే లా ఫర్మ్‌కు అప్పగిస్తే ఖర్చు కలిసొస్తుందని మా డివిజన్‌లో కొందరు అంటున్నారు. తక్కువ కోట్ చేసినవారికి ఇవ్వడం సబబేనా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: తక్కువ కోట్ చేసినవారికే పని ఇచ్చే ఎల్-1 పద్ధతి సీసీ రోడ్డుకు నడుస్తుంది. ఎంత పొడవు పోశారో, ఎంత మందం వచ్చిందో ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో ఎక్కుతుంది. తేడా ఉంటే బిల్లులో కోత పడుతుంది. కోర్టులో వేసే రాతపూర్వక జవాబు (కౌంటర్)లో రాయాల్సిన ఒక పేరా రాయకపోతే మాత్రం ఏ ఎంబీలోనూ కనపడదు, ఏళ్ల తర్వాత తీర్పులో బయటపడుతుంది. అందుకే ఫీజు మీద పోటీ పెట్టొద్దని మా గట్టి సలహా. ఫీజు పట్టికను కార్పొరేషనే ముందు ప్రకటించాలి. దానికి ఒప్పుకున్నవారిలో పనితనం చూసి ఎంచాలి. కక్షిదారుకు స్తోమత ఉన్నప్పుడు, కోర్టు ఖర్చుల కింద లెక్కగట్టే ఫీజు కన్నా తక్కువకు వకీలు ఒప్పుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లో ఉంది. గెలిస్తేనే ఫీజు అనే షరతూ కుదరదు.

ఫీజు ఏ దశలో ఇవ్వాలన్నది కార్పొరేషన్ చేతిలోనే ఉంది. వాయిదాకు ఇంత అని కడితే వాయిదాలు పెరుగుతాయి. వకాల్తా వేసిన రోజే మొత్తం ఇచ్చేస్తే కౌంటర్ పడదు. కౌంటర్ వేశాక మూడో వంతు, వాదనలు ముగిశాక మూడో వంతు, తీర్పు సర్టిఫైడ్ కాపీతో పాటు అప్పీలుకు వెళ్లాలా వద్దా అన్న రాతపూర్వక అభిప్రాయం అందాక మిగతాది అని ఒప్పందంలో రాసుకోవాలి.

ఇక లా ఫర్మ్ సంగతి. పేరు ఎంత పెద్దదైనా కోర్టులో నిలబడేది 1961 నాటి అడ్వొకేట్స్ యాక్ట్ కింద ఎన్‌రోల్ అయిన మనిషే. ఎంపికప్పుడు సీనియర్ పేరు చూపి, వాయిదాకు నిన్నగాక మొన్న చేరిన జూనియర్‌ను పంపితే నష్టపోయేది నగరమే. కాబట్టి ఏ కోర్టులో ఎవరు హాజరవుతారో పేర్లతో రాయించుకోవాలి. మారిస్తే కమిషనర్ అనుమతి ఉండాలి. గ్రేటర్ వరంగల్ పరిధి హన్మకొండ, వరంగల్ జిల్లాలు రెండింటిలో ఉంది. ప్రభుత్వ సంస్థల చర్యల మీద వేసే రిట్లు పడేదేమో హైదరాబాద్‌లోని హైకోర్టులో. ఇక్కడ సివిల్ దావాలు చూసేవారు, అక్కడ రిట్లు చూసేవారు వేర్వేరుగా ఉండటమే మేలని మా అభిప్రాయం.

పనితనం తేల్చే పరీక్ష ఒకటుంది. స్థానిక సంస్థల తరఫున నడిపిన పది కేసుల సీఎన్ఆర్ నంబర్లు (ఒక్కో కేసుకు ఉండే గుర్తింపు నంబర్లు) అడగండి. 16 అక్షరాలు, అంకెల ఆ నంబరును ఈ-కోర్ట్స్ సైట్‌లో కొడితే ఏ తేదీకి కేసు దేనికోసం వాయిదా పడిందో వరసగా కనిపిస్తుంది. ‘కౌంటర్ కోసం’ అంటూ అదే మాట ఏడెనిమిది వాయిదాలు నడిచిందంటే అక్కడ ఆగి కారణం అడగాలి. గెలిచిన కేసుల జాబితా కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది.

ప్రయోజనాల వైరుధ్యం దగ్గర చాలామంది పొరపడతారు. ఒక వ్యవహారంలో ఒక పక్షానికి సలహా ఇచ్చినవారు అదే వ్యవహారంలో ఎదుటి పక్షాన వాదించకూడదని బార్ కౌన్సిల్ నియమం. అది చాలదు. నాలా ఆక్రమణ కేసులో కార్పొరేషన్ తరఫున నిలబడుతూ, ఇంకో చెరువు శిఖం (చెరువు నీట మునిగే భూమి) కేసులో అదే కార్పొరేషన్ మీద బిల్డర్ తరఫున వాదించకూడదని ఒప్పందంలోనే రాయాలి. కాలపరిమితి ముగిశాక ఫైళ్లు వారంలో తిరిగివ్వాలన్న షరతూ పెట్టాలి. ఫీజు బాకీ ఉందని వకీలు ఫైలు ఆపుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

ప్రశ్న: మా లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగా తనదని ఒకరు దావా వేశారు. కార్పొరేషన్ తరఫున ఎవరూ హాజరుకాక ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. తప్పు లాయర్‌దా, ఆఫీసుదా? ఇప్పుడేం చేయాలి?
– ఒక కాలనీ సంఘం సభ్యురాలు, కరీంనగర్

జవాబు: ముందు గడువు చూడండి. డిక్రీ తేదీ నుంచి 30 రోజుల్లో దాన్ని రద్దు చేయమని సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 9 రూల్ 13 కింద పిటిషన్ పడాలి. సమన్లు సరిగా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. గడువు దాటితే ఆలస్యానికి కారణాలు చూపుతూ వేరే పిటిషన్ కావాలి. ‘ఫైలు సెక్షన్లు తిరిగింది’ అన్న సాకు ప్రభుత్వ సంస్థలకు చెల్లదని 2012లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. కార్పొరేషన్ కదలకపోతే కోర్టు అనుమతి తీసుకుని కాలనీవాసులే అప్పీలుకు వెళ్లే దారి ఉంది. ఆమోదించిన లేఅవుట్ ప్లాన్, ఖాళీ జాగా అప్పగించిన గిఫ్ట్ డీడ్, ఈసీల (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ల) కాపీలు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

తప్పు చాలాసార్లు లాయర్‌కూ ఆఫీసుకూ నడుమ జరుగుతుంది. సమన్లు ఇన్‌వార్డ్‌లో దిగి, టౌన్ ప్లానింగ్‌కు వెళ్లి, పాత లేఅవుట్ ఫైలు దొరక్క అక్కడే ఆగుతాయి. దావాలోని ఒక్కో పేరాకు ఆఫీసు ఇవ్వాల్సిన రిమార్కులు రాకుండా ఏ వకీలూ జవాబు రాయలేరు. రాతపూర్వక జవాబుకు చట్టం ఇచ్చేది 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90 వరకు. కాబట్టి సమన్లు లాయర్‌కు చేరడానికి 2 రోజులు, రిమార్కులకు 10, డ్రాఫ్ట్‌కు 7, సంతకానికి 3 అని కట్టడి చేసుకుంటే 22 రోజుల్లో పని అయిపోతుంది, ఎనిమిది రోజులు చేతిలో ఉంటాయి. దీనికంతా ఒకే అధికారి జవాబుదారీ కావాలి. ఇద్దరుంటే ఒకరి మీద ఒకరు వేసుకుంటారు.

ఆక్రమణ నోటీసు ఇచ్చే ముందే సీపీసీ సెక్షన్ 148ఎ కింద కేవియట్ (మన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే పెట్టే అర్జీ) వేసుకుంటే, మనకు చెప్పకుండా ఇంజంక్షన్ (పని ఆపే ఉత్తర్వు) వచ్చే ప్రమాదం తగ్గుతుంది. కేవియట్ 90 రోజులే ఉంటుంది, తర్వాత మళ్లీ వేయాలి. ఈ చిన్న పని మరిచిపోవడం వల్ల ఏళ్ల తరబడి స్టేలు నడుస్తాయి.

ప్రశ్న: లాయర్లకు ఎంత చెల్లిస్తున్నారో పౌరులు తెలుసుకోవచ్చా?
– ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: తెలుసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల ఫీజుతో కార్పొరేషన్ పీఐవో (సమాచార అధికారి)కు దరఖాస్తు పెట్టండి. ఏడాదివారీగా చెల్లించిన ఫీజులు, పెండింగ్ కేసుల సంఖ్య, కౌంటర్ వేయని కేసులు, ఎక్స్‌పార్టీ అయినవి అడగండి. ‘ఎందుకు ఓడిపోయారు’ అని అడిగితే జవాబు రాదు, రికార్డులో ఉన్న కాగితాన్నే అడగాలి. నడుస్తున్న కేసులో లాయర్ ఇచ్చిన సలహా జోలికి మాత్రం వెళ్లొద్దు, అది బయటికొస్తే లాభపడేది ఎదుటి పక్షమే. 30 రోజుల్లో సమాధానం రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి.