సగం చూపు పోయినవారికి థెరపీ: ఏ కోర్సు చదవాలి?

ప్రశ్న: పక్షవాతం వచ్చాక మా తాతయ్యకు ఎడమవైపు కనిపించడం లేదు. థెరపిస్టు నేర్పించాక ఇంట్లో ఒక్కరే తిరుగుతున్నారు. నాకూ ఆ పని చేయాలనుంది. ఆప్టోమెట్రీ చదివితే చాలా?
- ఒక విద్యార్థిని

జవాబు: చదవొచ్చు. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి మీ మనసు ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే చికిత్స) మీద ఉన్నట్టుంది.

ముందు పనేమిటో చూడండి. మీ తాతయ్యకు దెబ్బ తగిలింది కంటికి కాదు, మెదడు కుడి భాగానికి. అందుకే రెండు కళ్లలోనూ ఎడమ సగమే పోయింది. దీన్నే హెమియానోపియా అంటారు. తొలి మూడు నెలల్లో చూపు కొంత దానంతటదే తిరిగి రావచ్చు. ఆ తర్వాత థెరపీ పోయిన సగాన్ని తెచ్చిపెట్టదు. కనిపించని వైపుకు కళ్లను చకచకా తిప్పి వెతకడం నేర్పుతుంది. వెలుగు చుక్కలు చూపించి పోయిన చూపును పెంచుతామనే కంప్యూటర్ శిక్షణలూ ఉన్నాయి. 2005లో జర్మనీ పరిశోధకులు కన్ను కదలికలను కూడా లెక్కలోకి తీసుకుని అలాంటి శిక్షణ ఫలితాన్ని కొలిస్తే, చూపు హద్దు పెరిగిన దాఖలా కనిపించలేదు. చూపు వస్తుందని ఆశపడి వచ్చిన మనిషికి ఈ నిజం చెప్పాల్సింది మీరే. అది మీ వల్ల అవుతుందా అన్నది కోర్సు కంటే ముందు తేల్చుకోండి.

చదవడం నేర్పడం మరో పెద్ద పని. కుడి సగం పోతే తర్వాతి అక్షరాలు కనిపించవు, తెలుగు చదవడం నత్తనడక అవుతుంది. ఎడమ సగం పోతే కొత్త వరుస ఎక్కడ మొదలైందో దొరకదు. కొందరికి ఎడమ అనేది ఒకటుందన్న ఎరుకే పోతుంది. దాన్ని నెగ్లెక్ట్ అంటారు, దాని చికిత్స వేరు. కుడి మెదడు దెబ్బతిన్నవారిలో ఇది ఎక్కువ కాబట్టి ఈ తేడా పట్టుకోలేని థెరపిస్టు ఎంత కష్టపడ్డా వృథాయే.

వంట, చదువు, స్నానం లాంటి రోజువారీ పనులు మళ్లీ చేయించేది ఆక్యుపేషనల్ థెరపిస్టు. చూపు పరిధిని పెరిమెట్రీ అనే పరీక్షతో కొలిచి, చూపు పరిశోధకుడు ఎలీ పెలి 2000లో ప్రతిపాదించిన తరహా ప్రిజమ్ అద్దాలు (కనిపించని వైపు దృశ్యాన్ని కనిపించే వైపుకు జరిపేవి) అమర్చే పని ఇష్టమైతే ఆప్టోమెట్రీ. తెల్లకర్ర వాడకం, రోడ్డు దాటడం నేర్పేవారు ఓరియెంటేషన్ అండ్ మొబిలిటీ శిక్షకులు. చాలాచోట్ల డిగ్రీ తర్వాత ఇటు రావచ్చు, తొందరేం లేదు.

కాలేజీని ఎంచుకునేటప్పుడు ఒక్కటే అడగండి: విద్యార్థులను పక్షవాత రోగుల వార్డుకూ, లో విజన్ (చూపు బాగా తగ్గినవారి) క్లినిక్‌కూ రెండింటికీ పంపిస్తారా? ఒక్కదానికే పంపిస్తామంటే ఇంకో కాలేజీ చూసుకోండి.