బావమరిది ట్యాక్సీకి జామీను ఉంటే నా స్కోరు పడిపోతుందా?

సందేహం: నాది తిరుపతి. గోవిందరాజస్వామి గుడి దగ్గర చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. 2018లో మా బావమరిది ట్యాక్సీ కొన్నప్పుడు ఫైనాన్స్ కంపెనీలో నేను జామీను సంతకం పెట్టాను. కరోనాలో బండి నిలిచిపోయి కంతులు ఆగాయి. 2021లో కంపెనీవాళ్లూ వాడూ మాట్లాడుకుని కొంత కట్టి సెటిల్‌మెంట్ చేసుకున్నారట. నాకు ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు తిరుచానూరు రోడ్డులో ఫ్లాట్‌కు అడ్వాన్సు ఇచ్చి హోమ్ లోన్‌కు వెళ్తే, క్రెడిట్ స్కోరు (అప్పులు తీర్చే తీరుకు వేసే మార్కు) 648 ఉందని బ్యాంకు తిప్పి పంపింది. రిపోర్టు తీయిస్తే ట్యాక్సీ లోన్ ‘సెటిల్డ్’ అనీ, ఇంకా 86 వేలు బాకీ అనీ ఉంది. దాని కింద నేను తీసుకోని 18 వేల పర్సనల్ లోన్ ఇంకొకటి. ఒకాయన 15 వేలిస్తే నెలలో రెండూ తుడిచేస్తానంటున్నాడు. ఇవ్వొచ్చా? మాటిమాటికీ చూసుకుంటే స్కోరు తగ్గుతుందని మా ఆవిడ భయం. నిజమేనా?

జవాబు: ఆ 15 వేలు ఇవ్వొద్దు. మీ రిపోర్టులో ఒక్క అక్షరం మార్చాలన్నా అప్పిచ్చిన సంస్థ ఒప్పుకోవాలి. ఆ రిపోర్టు తయారుచేసే సిబిల్ కూడా తనంతట తాను మార్చలేదు. ఆయన చేసేదల్లా మీ ఓటీపీ అడిగి, మీ పేరుతో వరసగా ఫిర్యాదులు పడేయడమే. ఆ ఫిర్యాదు మీరు ఉచితంగా వేసుకోవచ్చు.

మీ ఆవిడ భయానికీ ఆధారం లేదు. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. లోన్ కోసం బ్యాంకు చూస్తేనే అది ఎంక్వయిరీగా పడుతుంది. నెలలో ఐదారు చోట్ల దరఖాస్తు పెడితే ‘ఈయనకు డబ్బు అత్యవసరంగా ఉంది’ అన్నట్టు కనబడుతుంది. అందుకని ఈ వ్యవహారం తేలేదాకా ఇంకో బ్యాంకు మెట్లెక్కకండి. మన దేశంలో ఈ లెక్కలు రాసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం ప్రతి సంస్థా ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీయండి. ఒకదాంట్లో ఉన్న తప్పు ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు, లేదా అక్కడ వేరే తప్పు ఉండొచ్చు.

ఇక అసలు సంగతి. మీరు 648 అనే అంకె చూసి బెదిరిపోయారు. వకీలుగా నేను చూసేది దాని కింద ఉన్న వరసలను. వాటిలో ఏది నిజం, ఏది అబద్ధం? తప్పు రాత ఉంటే దిద్దించే హక్కు 2005 నాటి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం 21వ సెక్షన్ మీకు ఇచ్చింది. నిజమైన రాత మనకు నచ్చకపోయినా, దాన్ని చెరిపేయమని అడిగే దారి లేదు. కనీసం 7 ఏళ్లు ఆ వివరాలు సిబిల్ లాంటి సంస్థలు దాచి ఉంచాలి.

ముందు ట్యాక్సీ లోన్. ‘వాడి అప్పు నా రిపోర్టులో ఎందుకు?’ అని జామీనుదారులందరూ అడుగుతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే. ముందు వాడిని అడిగి, వాడివల్ల కాకపోతేనే నన్ను అడగాలి అనుకుంటారు. అదీ కాదు. బ్యాంక్ ఆఫ్ బీహార్, దామోదర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు 1968లోనే ఆ వాదన తోసిపుచ్చింది. పెళ్లి భోజనాల దగ్గర మొహమాటానికి పెట్టే సంతకాల్లో ఇంత బరువు ఉంటుందని ఎవరూ అనుకోరు. కాబట్టి లోన్ మీ రిపోర్టులో కనబడటం తప్పు కాదు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒకటుంది: ‘నాకు ఒక్క మాట చెప్పలేదు’. అదే చట్టం 135వ సెక్షన్ చూడండి. జామీనుదారు సమ్మతి లేకుండా అప్పిచ్చినవాడు అప్పు తీసుకున్నవాడితో రాజీ కుదుర్చుకుంటే జామీనుదారు విడుదలైపోతాడు. అంటే ఆ 86 వేలు మీ బాకీయే కాదని వాదించే ఆస్కారం ఉంది. ఇందులో మెలిక కూడా ఉంది. ఫైనాన్స్ కంపెనీల జామీను పత్రాల్లో ‘మీరు వారితో ఏ రాజీ చేసుకున్నా నాకు సమ్మతమే’ అనే షరతు చిన్న అక్షరాల్లో ముందే అచ్చువేసి ఉంటుంది. అది ఉంటే ఈ వాదన నిలబడటం కష్టం. కాబట్టి మీరు సంతకం పెట్టిన పత్రం నకలూ, 2021 సెటిల్‌మెంట్ లెటర్ నకలూ కావాలని కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. అవి చదివేదాకా 86 వేలలో ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

షరతు ఉందని తేలితే దారి వేరు. మిగిలిన బాకీ ఎంతకు తేలుస్తారో రాతపూర్వకంగా తెప్పించుకుని, కట్టి, బాకీ లేదని లెటర్ తీసుకుని, ‘సెటిల్డ్’ స్థానంలో ‘క్లోజ్డ్’ అని పంపమని అడగాలి. సెటిల్డ్ అంటే అప్పిచ్చినవాడు కొంత వదులుకున్నాడని అర్థం, క్లోజ్డ్ అంటే పూర్తిగా తీరిందని. హోమ్ లోన్ ఇచ్చే అధికారి కన్ను ముందు పడేది ఆ మాట మీదే. మీరు కట్టిన డబ్బు బావమరిది దగ్గర వసూలు చేసుకునే హక్కు 145వ సెక్షన్ ఇస్తుంది. కట్టిన రోజు నుంచి 3 ఏళ్లలోపు దావా వేయాలి. వేస్తారా లేదా అన్నది మీ ఇంటి వ్యవహారం, నేను చెప్పలేను.

కంతులు తప్పిన నెలలు కూడా చూడండి. 2020 మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆగాయి. మళ్లీ భక్తులు వచ్చింది జూన్‌లో. అలిపిరి దగ్గర ట్యాక్సీలు ఎలా నిలబడిపోయాయో మనం చూసినదే. ఆ ఏడాది మార్చి నుంచి ఆగస్టు 31 దాకా పడే కంతులకు రిజర్వ్ బ్యాంకు మారటోరియం, అంటే కంతులు వాయిదా వేసుకునే వెసులుబాటు, అనుమతించింది. అలా వాయిదా ఇచ్చిన కంతులను ఎగవేతగా చూపించకూడదని కూడా చెప్పింది. మీ బావమరిది మారటోరియం తీసుకుని ఉంటే, ఆ నెలల గళ్లలో 30, 60, 90 అని ఆలస్యపు రోజులు పడి ఉంటే అవి తప్పు రాతలే. వాడి ఫోన్‌లో పాత ఎస్సెమ్మెస్‌లు వెతికించండి.

రెండోది, ఆ 18 వేలు. కోప్పడకుండా ఒకసారి గుర్తు చేసుకోండి: వడ్డీ లేని కంతుల మీద ఫోనుగానీ ఫ్రిజ్‌గానీ కొన్నారా? అదీ లోనే. ‘నేను తీసుకోలేదు’ అంటూ నా దగ్గరకు వచ్చి, ఇంటికెళ్లి కొడుకును అడిగి నాలిక కరుచుకున్నవాళ్లున్నారు. అదీ కాదంటే ఆ సంస్థను ఒకే ప్రశ్న అడగండి: డబ్బు ఏ ఖాతాలో వేశారు? దరఖాస్తు, పాన్, ఆధార్ కాపీలు కూడా అడగండి. ఖాతా మీది కాకపోతే 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు నమోదు చేయించండి. వేరొకరి గుర్తింపు వాడుకోవడం ఐటీ చట్టం 66సీ కింద నేరం, 3 ఏళ్ల దాకా జైలు. ఇకమీదట జిరాక్సులు ఇచ్చేటప్పుడు ఏ పనికోసమో కాగితం మీద రాసి సంతకం పెట్టండి.

ఈ రెండింటి మీదా రిపోర్టు ఇచ్చిన సంస్థల వెబ్‌సైట్లలోనే ఫిర్యాదు వేయండి, నంబరు రాసి పెట్టుకోండి. 30 రోజుల్లో తేల్చాలి, అందులో అప్పిచ్చిన సంస్థకు 21 రోజులు. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆ బ్యాంకు వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు. అక్కడ మీ తరఫున వకీలు వేయడానికి వీల్లేదు, నా ఫీజూ మిగిలింది. అదీ కుదరకపోతే వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది, దానికి గడువు 2 ఏళ్లు. ఒకే గొడవను రెండు చోట్లా ఒకేసారి నడిపితే అంబుడ్స్‌మన్ తీసుకోడు, ఆ వరస తప్పొద్దు.

ఈలోగా స్కోరు పెంచుకోవడం ఎలాగంటారా? అందులో చట్టం పని తక్కువ. క్రెడిట్ కార్డు ఉంటే లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడి, మినిమమ్ కాకుండా మొత్తం బిల్లు కట్టండి. లేకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే చిన్న కార్డు తీసుకోండి. షాపు కోసం బంగారం పెట్టి తెచ్చిన అప్పు ఉంటే దాని గడువు కూడా చూసుకోండి. గోల్డ్ లోన్ రిపోర్టులోకి ఎక్కదని ఇక్కడ చాలామంది నమ్మకం, ఎక్కుతుంది.

ఇవన్నీ తేలడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మరి మీ ఫ్లాట్ అగ్రిమెంట్ గడువెంత? లోన్ రాకపోతే అడ్వాన్సు వెనక్కిస్తామని అందులో ఉందా? అది రాయలేదు మీరు. ముందు ఆ కాగితం తీసి చూడండి. లేకపోతే ఈ వారమే అమ్మేవాళ్ల దగ్గరకు వెళ్లి గడువు పొడిగిస్తున్నట్టు ఇద్దరి సంతకాలతో రాయించుకోండి.