అంశం దొరకాలంటే ముందు తేడా కనబడాలి

పరిశోధనకు అంశాన్ని ఎలా ఎంచుకోవాలి, పరికల్పనను (అంటే, పరీక్షించి చూడబోయే ఊహను) ప్రయోగానికి ముందే రాసుకోవాలా, ఫలితాలు చూశాక రాసుకోవచ్చా అని మీరు అడిగారు. రెండో ప్రశ్నకు జవాబు చిన్నదే: ముందే రాసుకోవాలి. మొదటిదానికి మాత్రం నా అనుభవం కొంత చెప్పాలి.

వృక్షశాస్త్రంలో పరిశోధనకు చేరినప్పుడు నేను ‘మొక్కలపై లవణీయత ప్రభావం’ అనే అంశం పట్టుకుని ఎనిమిది నెలలు పత్రాలు చదివాను. నోట్సులు నిండాయి గానీ, ఏ ప్రయోగంతో మొదలుపెట్టాలో తేలలేదు. “ఏ ఫలితం వస్తే నువ్వనుకున్నది తప్పని ఒప్పుకుంటావమ్మా?” అని మా గైడుగారు అడిగితే జవాబు చెప్పలేకపోయాను, ఎందుకంటే నా దగ్గర ఉన్నది ఒక శీర్షికే.

చివరికి దారి చూపింది ఒక చిన్న తేడా. ఒకే రకం విత్తనాలను పెట్రి డిష్‌లలో, ఒకే గాఢత గల ఉప్పునీటితో తడిపిన వడపోత కాగితంపై పరిచాను. కొన్నింటిలో మూడో రోజుకే తెల్లటి వేరు మొలక బయటికి వచ్చింది. పక్కవాటిలో గింజలు ఉబ్బి అలాగే ఉండిపోయాయి. మూతలపై రాసుకున్న వివరాలు చూస్తే, మొలవనివన్నీ ముందటి ఏడాది నుంచి నిల్వ ఉన్నవి. అప్పుడు ఇలా రాసుకున్నాను: ‘నిల్వ విత్తనాలకూ కొత్త విత్తనాలకూ మొలక శాతంలో ఉండే తేడా, మంచినీటిలో కంటే ఉప్పునీటిలో ఎక్కువగా ఉంటుంది.’ ఏది మార్చాలో, ఏది కొలవాలో, దేనితో పోల్చాలో ఈ వాక్యమే చెబుతుంది. తేడా రెండుచోట్లా సమానంగా వస్తే ఇది తప్పని తేలిపోతుంది.

వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడి పని కూడా ఇటువంటి తేడాతోనే మొదలైంది. ఒకే ఆసుపత్రిలోని రెండు ప్రసూతి విభాగాలలో, వైద్య విద్యార్థులు పనిచేసే దానిలో బాలింతల మరణాలు ఎక్కువగా ఉండేవి. ప్రసవ సమయంలో పడుకునే భంగిమ కారణమేమోనని దాన్ని మార్చి చూశారు, మరణాలు తగ్గలేదు, ఆ ఊహను వదిలేశారు. శవపరీక్ష చేసిన చేతులతోనే విద్యార్థులు ప్రసవాలకు వస్తున్నారని గుర్తించి, 1847లో క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించాక మరణాలు బాగా తగ్గాయి. వదిలేసిన ఆ ఊహ కూడా పరీక్షించి తేల్చుకోగలిగేలా ఉండటమే నాకు ముఖ్యంగా తోస్తుంది.

ఫలితం చూశాక పరికల్పన అల్లి, మొదటి నుంచీ అదే అనుకున్నామని రాయడాన్ని మనస్తత్వవేత్త నార్బర్ట్ కెర్ 1998లో ‘హార్కింగ్’ అన్నారు. ఆ ఆశ నాకూ కలిగింది: ఒక ప్రయోగంలో గింజ పరిమాణానికీ మొలకకూ చక్కటి సంబంధం కనిపించింది. దాన్ని వేరే పేజీలో కొత్త ప్రశ్నగా రాసుకుని, వేరే విత్తనాలతో మళ్లీ పరీక్షించాను. రెండోసారి ఆ సంబంధం కనిపించలేదు.