స్పెయిన్ కొండల్లో శరత్కాలపు నడకలు: వానకంటే మొహమాటమే ప్రమాదం

ప్రశ్న: ఉద్యోగం మీద ఈ వేసవి చివర మాడ్రిడ్ వచ్చాను. ఆఫీసులో కొందరు ఆదివారాలు గుంపుగా గ్వాదర్రామా కొండల్లోకి నడకకు వెళ్తూ నన్ను కూడా రమ్మంటున్నారు. నాకు కొండ నడక అలవాటు లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్ళడం క్షేమమేనా? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: తప్పకుండా వెళ్ళండి. ఎండలు తగ్గి అడవులు రంగు మారే ఈ కాలం ఇక్కడ నడకకు చాలా అనువైనది. పైగా ఆఫీసులో ఆరు నెలలకు కూడా కుదరని పరిచయాలు కొండ బాటలో ఒక్క పూటలో కుదురుతాయి. అయితే ఇదే కాలంలో వాతావరణం గంటగంటకూ మారుతుంది. ఆ మార్పు ఎంత ప్రమాదకరమో, కొత్త గుంపులో నోరు విప్పి చెప్పుకోలేని మన మొహమాటం అంతకంటే ప్రమాదకరమని, ఇక్కడ చాలా ఏళ్ళుగా నడుస్తున్నవాడిగా నా అభిప్రాయం.

ముందు వాతావరణం సంగతి చూద్దాం. మాడ్రిడ్ నగరం సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున ఉంటే, గ్వాదర్రామాలో అన్నిటికంటే ఎత్తైన పెన్యలారా శిఖరం 2,428 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత దాదాపు 6 డిగ్రీలు తగ్గుతుంది కనుక, మీ వీధిలో 16 డిగ్రీలున్న రోజున శిఖరం మీద అయిదారు డిగ్రీలే ఉండవచ్చు. దానికి గాలి తోడైతే సున్నాకు దిగువన ఉన్నట్టే అనిపిస్తుంది. అందువల్ల ఫోనులో నగరం పేరు కొట్టి చూసే సూచన ఇక్కడ పనికిరాదు. స్పెయిన్ వాతావరణ సంస్థ ఆయెమెట్ కొండ ప్రాంతాలకు విడిగా బులెటిన్ ఇస్తుంది. గాలి వేగం ఎంత, ఏ ఎత్తు దాటితే ఉష్ణోగ్రత సున్నాకు పడిపోతుంది అన్న వివరాలు అందులో ఉంటాయి. శనివారం రాత్రి ఒకసారి, ఆదివారం పొద్దున ఒకసారి దాన్ని చూడండి. పసుపు హెచ్చరిక ఉంటే కొండ శిఖరం మానుకుని లోయలో నడవమని అడగండి. నారింజ, ఎరుపు హెచ్చరికలున్న రోజున ఎవరు పిలిచినా వెళ్ళకండి.

మన ఊళ్ళలో వానలో తడిస్తే మహా అయితే పడిశం పడుతుంది, తువ్వాలుతో తల తుడుచుకుని వేడి టీ తాగితే సరిపోతుంది. ఆ అలవాటుతోనే ఇక్కడ కూడా తడిని తేలికగా తీసుకుంటాం. తడి బట్టలకు గాలి తోడైతే ఒంట్లోని వేడి చాలా త్వరగా పోతుంది, మంచు కురవకపోయినా మనిషి వణికి మాట తడబడే స్థితికి చేరతాడు. కాటన్ టీషర్టు, జీన్స్ ప్యాంటు తడిస్తే ఆరవు, కాబట్టి వాటిని ఇంట్లోనే ఉంచి, ఒంటికి ఆనుకునేలా తొందరగా ఆరే బనియను, దాని మీద పల్చని ఉన్నిదో ఫ్లీసుదో ఒక పొర, ఆపైన నీరు చొరబడని రెయిన్ జాకెట్ వేసుకోండి. గాలికి గొడుగు నిలవదు. చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు, విడిగా ఒక జత మేజోళ్ళు ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోండి. డబ్బు ఖర్చుపెట్టదలిస్తే ముందుగా పెట్టవలసింది బూట్ల మీదే, ఎందుకంటే తడిసిన గ్రానైటు రాళ్ళ మీదా, రాలిన ఆకుల మీదా మామూలు జాగింగ్ బూట్లు జారతాయి.

రమ్మన్నవారు "పన్నెండు కిలోమీటర్లే" అంటారు. మీరు అడగవలసింది దూరం కాదు, దెస్నివెల్, అంటే మొత్తం మీద ఎన్ని మీటర్లు ఎక్కాలన్నది. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరినవారు ఎక్కడం గురించి భయపడనక్కరలేదు, కానీ అక్కడ దారి పొడవునా ఉండే పైకప్పులూ, మంచినీళ్ళూ, అంగళ్ళూ ఇక్కడ ఉండవు. మొదటిసారికి సెర్సెడియా ఊరి నుంచి ఫ్వెన్‌ఫ్రియా లోయ మీదుగా పాత రాతి బాట వెంట వెళ్ళే నడక మంచిది. ఊరికి మాడ్రిడ్ నుంచి లోకల్ రైలుంది, దారి చాలావరకు పైన్ చెట్ల నీడన సాగుతుంది, మధ్యలో వెనక్కి తిరగాలన్నా తేలిక. ఇక్కడి బాటలకు రంగుల గుర్తులుంటాయి: తెలుపు, ఎరుపు గీతలుంటే 50 కిలోమీటర్లు మించిన దూరపు బాట, తెలుపు, పసుపు ఉంటే ఒకటి రెండు రోజుల బాట, తెలుపు, ఆకుపచ్చ ఉంటే పది కిలోమీటర్ల లోపు బాట. అవే రంగులు అడ్డంగా ఇంటూ గుర్తులా ఉంటే అది దారి కాదని అర్థం. పొగమంచు కమ్మినప్పుడు ఈ గుర్తులు కనబడవు కనుక, స్పెయిన్ జాతీయ భౌగోళిక సంస్థ ఉచితంగా ఇచ్చే మ్యాపుల యాప్‌లో ఆ ప్రాంతాన్ని ముందే దించుకోండి.

అక్టోబరు చివరి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. అక్టోబరు మధ్యలో ఏడున్నర ప్రాంతంలో అస్తమించిన సూర్యుడు నవంబరు తొలివారానికి ఆరింటికే అస్తమిస్తాడు, లోయలో అంతకంటే ముందే చీకటి పడుతుంది. ఇక్కడివారు పదింటికి తీరికగా బయలుదేరి, మధ్యలో శాండ్విచ్‌కు అరగంట కూర్చుంటారు. ఎక్కడున్నా సరే ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో బయలుదేరేటప్పుడే అడిగి తెలుసుకోండి. తలకు కట్టుకునే టార్చిలైటు సంచిలో ఉండాలి, ఫోను లైటు దానికి బదులు కాదు.

ఇక మొహమాటం సంగతి. కాలికి బొబ్బ లేచినా, ఊపిరి అందకపోయినా, చలి పట్టుకున్నా "పరవాలేదు" అనడం మనకు మర్యాద. కొండ మీద ఆ మాట వల్ల మీకే కాదు, గుంపు అంతటికీ ఇబ్బంది, ఎందుకంటే మీరు కూలబడిన చోటే అందరూ ఆగిపోవాలి. బొబ్బ లేవబోతున్నప్పుడే ఆగి ప్లాస్టరు వేసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. వేగం తగ్గించమనండి, చలి వేస్తోందని చెప్పండి, రాతి చరియ దాటలేనంటే దాటలేననండి. ఇక్కడివారు దాన్ని చిన్నతనంగా చూడరు, పైగా చెప్పకుండా దాచినవారి మీదే విసుక్కుంటారు. అందరికంటే వెనుక నడవడానికి అనుభవమున్నవారు ఒకరుండాలి, దారి చీలిన ప్రతిచోటా ముందువారు ఆగి వెనుకవారిని కలుపుకోవాలి. ఈ రెండూ పాటించని గుంపుతో రెండోసారి వెళ్ళనక్కరలేదు.

ఆపదలో 112కు ఫోను చేయాలి. మాడ్రిడ్‌లో ఇంగ్లీషులో కూడా మాట్లాడవచ్చు. కొండ రక్షణ పనిని చాలా ప్రాంతాల్లో గ్వార్దియా సివిల్ అనే జాతీయ పోలీసు బలగపు పర్వత దళం చూస్తుంది. అయితే హెచ్చరికలను లెక్కచేయక వెళ్ళినవారి నుంచి ఆ ఖర్చు వసూలు చేసే నిబంధన కొన్ని రాష్ట్రాల్లో ఉంది. వీసా కోసం తీసుకున్న ఆరోగ్య బీమాలో కొండ ప్రమాదాలున్నాయో లేదో చదివి చూసుకోండి. తరచుగా వెళ్ళదలిస్తే పర్వతారోహణ ఫెడరేషన్ ఏటా ఇచ్చే కార్డు తీసుకోండి, ప్రమాద బీమా దానితోపాటే వస్తుంది.

సెలవులకు తూర్పు తీరానికి వెళ్ళి అక్కడి కొండల్లో నడిస్తే మరో జాగ్రత్త అవసరం. శరత్కాలంలో అక్కడ దానా అనే వాయుగుండం వల్ల కొన్ని గంటల్లోనే కుంభవృష్టి కురుస్తుంది. 2024 అక్టోబరు 29న వలెన్సియా ప్రాంతంలో వచ్చిన వరదల్లో రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఏడాదంతా ఎండిపోయి ఉండే రాంబ్లా అనే వాగుల్లోకి, నెత్తిన వాన లేకపోయినా, ఎగువన కురిసిన నీరు ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఆ వాగుల్లో నడవకండి, కారు నిలపకండి.

పల్లెటూళ్ళ అడవుల్లో ఇది వేట కాలం కూడా. బాట మొదట్లో వేట జరుగుతోందన్న బోర్డు ఉంటే ఆ రోజుకు దారి మార్చుకోవాలి. పశువుల గేటు తెరిస్తే తిరిగి మూయాలి. గొర్రెల మందకు కాపలా ఉండే పెద్ద కుక్కలు మొరిగితే పరుగెత్తకుండా, మందను దూరం నుంచి చుట్టి వెళ్ళాలి.

మన దేశపు డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడ నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతుంది కనుక, చాలా రోజులు మీరు ఇతరుల కారులోనే వెళ్తారు. పెట్రోలులో మీ వాటా అడగకముందే ఇవ్వండి. బురద బూట్లు మార్చుకోవడానికి మామూలు చెప్పులూ, ఒక సంచీ పట్టుకెళ్ళండి. నడక ముగిశాక అందరూ ఊళ్ళో భోజనానికి కూర్చుంటారు. శాకాహారులైతే ఆ మాట ఒక్కటే చెబితే సరిపోదు: సలాడ్‌లో ట్యూనా చేప, పప్పులో పంది సాసేజీ తగులుతాయి, కాబట్టి మాంసం, హమోన్ (ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది తొడ మాంసం), చేప ఏదీ వద్దని విడివిడిగా చెప్పాలి. సాయంత్రం నాలుగు దాటితే చాలా పల్లెల్లో వంట ఆపేస్తారు. అందుకని వాన వల్ల ఆలస్యమయ్యేలా కనిపించిన రోజున నేను రెండు పూటలకూ సరిపడా పులిహోర కట్టుకెళ్తాను, తోటివారికి పెట్టడానికి కాస్త ఎక్కువే.