డేవిడ్ డ్యూక్ ఎవరు? అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో అతనికి అన్నేసి ఓట్లు ఎలా పడ్డాయి?

అతనికి ఓటేసింది చదువూ సంధ్యా లేనివాళ్లేనా అని అడిగారు. కాదు. 1991 గవర్నర్ ఎన్నికలప్పుడు నేను ఆ రాష్ట్ర రాజధాని బేటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఎమ్మెస్ చదువుతున్నాను. కళ్లారా చూశాను.

డ్యూక్ కూడా ఎల్‌ఎస్‌యూ వాడే. క్యాంపస్‌లో ఫ్రీ స్పీచ్ ఆలీ అని ఒక చోటుంది. అక్కడ నిలబడి యూదుల మీద, నల్లవాళ్ల మీద విషం కక్కేవాడు. 1970లో నాజీ యూనిఫాం వేసుకుని ప్లకార్డు పట్టుకున్న ఫొటో కూడా ఉంది. తర్వాత ఒక కూ క్లక్స్ క్లాన్ (తెల్ల ముసుగులేసుకుని నల్లవాళ్ల మీద దాడులు చేసిన జాత్యహంకార ముఠా) సంస్థకు నాయకుడయ్యాడు. తెల్ల ముసుగు మానేసి సూటూ టైతో టీవీ షోలకు వెళ్లడం అతని పద్ధతి. 1980లో క్లాన్ వదిలి 'తెల్లవాళ్ల హక్కులు' అంటూ ఇంకో సంఘం పెట్టాడు. ముఖానికి ప్లాస్టిక్ సర్జరీ చేయించుకున్నాడు. 1989లో న్యూ ఆర్లీన్స్ పక్కనున్న మెటైరీ నుంచి 227 ఓట్ల తేడాతో రాష్ట్ర చట్టసభకు గెలిచాడు. గెలిచాక కూడా అతని ఆఫీసులో నాజీ పుస్తకాలు అమ్ముతుంటే, సొంత రిపబ్లికన్ పార్టీకే చెందిన బెత్ రికీ అనే ఆవిడ కొని తెచ్చి బయటపెట్టింది.

మా ఇంటి ఓనరు ఒక పెద్దావిడ. బెండకాయలు వేసి గంబో (అక్కడి చిక్కటి పులుసు) వండితే నాకూ ఒక గిన్నె పంపేది. ఆవిడ ఇంటి ముందు గడ్డిలో డ్యూక్ బోర్డు! ఉండబట్టలేక అడిగాను. "నీలాంటి కష్టపడేవాళ్లతో మాకే పేచీ లేదు బాబూ. మా పన్నులు తిని కూర్చునేవాళ్ల గురించే" అంది. నల్లవాళ్లు అన్న మాటే ఆవిడ నోట రాలేదు. ఆ మాట అనక్కర్లేకుండా వెల్ఫేర్, కోటాలు, పన్నులు అని మాట్లాడటమే డ్యూక్ నేర్చిన విద్య. చమురు ధరలు పడిపోయి అక్కడ ఉద్యోగాలు పోయిన కాలం అది. ఎవరో ఒకరి మీద కోపం తీర్చుకోవాలి కదా.

ఎదుటి అభ్యర్థి ఎడ్విన్ ఎడ్వర్డ్స్‌కి అవినీతిపరుడని పేరు. "దొంగకే ఓటెయ్యండి, ఇది ముఖ్యం" అని కార్ల మీద స్టిక్కర్లు వెలిశాయి. డ్యూక్ 39 శాతం దగ్గర ఆగిపోయాడు, కానీ తెల్లవాళ్లలో సగానికి పైగా అతనికే వేశారు. నల్లవాళ్లు బారులు తీరి ఓటెయ్యబట్టి రాష్ట్రం బయటపడింది. నాకు ఓటు హక్కు లేదు, ఆ రాత్రి ఫలితాలొచ్చేదాకా టెన్షన్‌తో టీవీ ముందే కూర్చున్నాను.

ఆ తర్వాత అభిమానుల దగ్గర కష్టాల్లో ఉన్నానని విరాళాలు వసూలు చేసి జూదానికి వాడుకున్నాడు. 2002లో నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు. 2016లో అమెరికా సెనేట్‌కు నిలబడితే 3 శాతం ఓట్లొచ్చాయి.

ఆర్యుల గురించి గొప్పగా చెబుతాడట కదా అన్నారు. 1998 నాటి ఆత్మకథలో ఇండియా ప్రస్తావన ఉంది. ఆర్యులు వచ్చి గొప్ప నాగరికత కట్టారట, స్థానికులతో రక్తం కలిసి అది చెడిపోయిందట. అంటే అతని లెక్కలో మనమంతా ఆ చెడిపోయిన రక్తమే. అతని వీడియోలు గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసే మనవాళ్లకి దయచేసి ఈ సంగతి చెప్పండి.