అక్కా, కెన్యా వెళ్లనా?

కెన్యాలో ఒక క్రైస్తవ బాలల గృహంలో వాలంటీరుగా పనిచేశానని ఈ శీర్షికలో మాటవరసకు రాశాను, అంతే, ఉత్తరాలు మొదలయ్యాయి. అందరికీ విడివిడిగా రాయడం నా వల్ల కాదు కాబట్టి కొన్నిటికి ఇక్కడే జవాబు చెప్తున్నాను.

బీఎస్సీ నర్సింగ్ పూర్తయింది. మా సంఘం ద్వారా నకూరు దగ్గర ఒక పిల్లల హోములో కొన్ని నెలలు సేవ చేసే అవకాశం వచ్చింది. రోజంతా పిల్లలతో ఏం చేయాలి? ఇంజెక్షన్లు, మందులు నేనే చూసుకోవాలా? టెన్షన్‌గా ఉంది. – ఒక సోదరి, తెనాలి

చెల్లీ, రోజంతా పిల్లలతో ఉండవు. ముందు ఆ ఊహ పక్కన పెట్టు. ఐదింటికి లేస్తారు, అప్పటికి ఇంకా చీకటే. నకూరు భూమధ్యరేఖకి ఆనుకునే ఉంటుంది గనక ఏడాది పొడుగునా ఆరున్నర ప్రాంతంలోనే తెల్లవారుతుంది. పెద్ద పిల్లలు గుడ్డతో గచ్చు తుడుస్తారు, చిన్నవాళ్లకి బేసిన్లలో నీళ్లు పోసి మొహాలు కడిగించి, యూనిఫాం తొడిగి, దొరకని రెండో సాక్సు కోసం ఇల్లంతా వెతికి, ప్లాస్టిక్ కప్పుల్లో ఉజీ అనే పల్చటి జావ తాగించి పంపేసరికి నీ ఓపిక సగం అయిపోతుంది. ఆ తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం, అసలు పని అప్పుడే మొదలు. బట్టలు చేత్తో ఉతకాలి. రాత్రికి వండే బీన్స్‌లో రాళ్లు ఏరాలి. రసీదులు కాగితానికి అంటించాలి, చెవి నొప్పి అన్న పిల్లాణ్ణి మటాటూ (అంటే మన షేర్ ఆటోకి పెద్దన్న లాంటి వ్యాను) ఎక్కించుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి లైన్లో కూర్చోవాలి, ఒక్కోసారి మధ్యాహ్నం దాకా. సాయంత్రం పిల్లలు వచ్చాక హోంవర్క్. కొత్త సిలబస్ వచ్చాక అట్టముక్కలు, గింజలు, రంగు కాగితాలతో ఏదో ఒకటి చేసుకురమ్మంటారు, అదీ రేపటికల్లా. భోజనానికి ముందో తర్వాతో కుటుంబ ప్రార్థన. పాటలు పిల్లలే ఎత్తుకుంటారు, డప్పు వాళ్లదే, వాక్యం చదివేదీ వాళ్లే. నువ్వు వెనకాల కూర్చో. నిజంగా వెనకాల కూర్చో, ఎందుకంటే కొత్తగా వచ్చిన మనవాళ్లకి మొదటి వారంలోనే ప్రసంగం చేయాలనిపిస్తుంది.

నర్సింగ్ సంగతి గట్టిగా చెప్తున్నాను. మన రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు. కెన్యా నర్సింగ్ కౌన్సిల్ అనుమతి లేకుండా ఇంజెక్షన్ వేయకు, మందు రాయకు, హోము వాళ్లు బతిమాలినా సరే. పిల్లల టీకా కార్డులు సరిచూడటం, గాయం కడిగి కట్టు కట్టడం, ఏ పిల్లని ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలో హౌస్ మదర్‌కి చెప్పడం, ఇవి చాలు. ఇంటి తల్లి ఆవిడే, పిల్లలు ‘మమ్’ అని పిలిచేదీ ఆవిడనే, నువ్వు ఆంటీవి. నీ చుట్టూ పిల్లలు మూగడం చూసి పొంగిపోకు. ఎవరు వచ్చినా పరిగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చునే పిల్ల అంటే అప్పటికే చాలామంది వచ్చి వెళ్లిపోయారని అర్థం. ఏడుస్తూ వచ్చిన పిల్లని ఎత్తుకునే ముందు ఒకసారి ఆవిడ వైపు చూడు, వీలైతే ఆవిడ చేతికే ఇవ్వు. నువ్వు ఉతికిన బట్టల వల్ల ఆవిడకి ఒక గంట మిగిలి, ఆ గంట పిల్లలతో కూర్చుంటే నువ్వు వెళ్లింది అందుకే అనుకో.

ఇంకొకటి, ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా నుంచి తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ సర్టిఫికెట్ అడుగుతారు. టీకా వేసుకున్న 10 రోజులకి గానీ అది చెల్లుబాటు కాదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. చివరి వారం దాకా ఆగకు.

అక్కడ అన్నం దొరుకుతుందా? వాతావరణం మనలాగే ఉంటుందా? – మరో సోదరి, ఏలూరు

దొరుకుతుంది, కానీ హోములో రోజూ ఉండదు. తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా కలిపిన ఉగాలి, దాంతో సుకుమా వికీ అనే ఆకుకూర వేపుడు, లేదంటే మొక్కజొన్న గింజలూ బీన్సూ కలిపి ఉడికించిన గిథేరి. చపాతీ చేశారంటే ఆ రోజు పండగన్నమాట. చేత్తోనే తింటారు, ఆ విషయంలో మనకి బాధ లేదు. ఆవకాయ తీసుకెళ్లండి, కానీ డైనింగ్ హాల్లో అందరి ముందూ మీ ఒక్క పళ్లెంలోనే వేసుకోకండి. స్వెటర్ తప్పనిసరి. ఆఫ్రికా అంటే ఎండలే అనుకుని వెళ్తారు, నకూరు పద్దెనిమిది వందల మీటర్ల ఎత్తున ఉంటుంది, జూలైలో పొద్దున్నే వణికిపోతారు.

మా ఏజెంటు టూరిస్టుగా వెళ్లిపోండి, ఎవరూ అడగరు అంటున్నాడు. నిజమేనా? – ఒక సోదరుడు, కర్నూలు

ఏజెంటుని మార్చండి. 2024 జనవరి నుంచి కెన్యాకి వీసా బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే అనుమతి తీసుకుంటే చాలు, అయితే అది చూసి రావడానికి. జీతం లేకపోయినా పని పనే. మత, ధర్మ సేవలకి క్లాస్ ఐ పర్మిట్ ఉంది, కొద్దికాలానికైతే స్పెషల్ పాస్ ఉంది. వాటికి మీ తరఫున అక్కడి సంస్థే కాగితాలు పెట్టాలి. పెట్టలేమంటే ఆ సంస్థ రిజిస్ట్రేషన్ మీద నాకు అనుమానమే.

దిక్కులేని పిల్లలను ఆదరించమని వాక్యమే చెబుతోంది. ఇప్పుడేమో హోములే వద్దంటున్నారు. మరి జార్జి ముల్లర్ చేసింది తప్పా? – ఒక పాస్టర్, ఖమ్మం

పాస్టర్ గారూ, వందనాలు. తప్పని ఎవరంటారు? 1836లో ఆయన ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అనాథ గృహం మొదలుపెట్టినప్పుడు దిక్కులేని పిల్లలకి ఉన్న మరో దారి వర్క్‌హౌస్ (బీదవాళ్లని ఉంచి పని చేయించుకునే చోటు), అక్కడ బతుకు ఎలా ఉండేదో తెలిసిందే. కానీ మన ప్రసంగాల్లో రాని సంగతొకటి ఉంది. ఆయన సంస్థే 1958లో యాష్లీ డౌన్‌లోని ఆ పెద్ద భవనాలు వదిలేసి, పిల్లల్ని కుటుంబాల్లా ఉండే చిన్న ఇళ్లకి మార్చింది. మన మిషన్ బోర్డింగుల్లో చదివిన తాతలు, అమ్మమ్మలు మీ సంఘంలోనూ ఉండే ఉంటారు. వాళ్లని అడగండి, వేసవి సెలవులకి పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లేవాళ్లు, వాళ్లకో ఊరుంది, ఎదురుచూసే మనిషి ఉన్నారు. హోములో పెరిగే పిల్లకి డిసెంబరు సెలవుల్లో పోవడానికి ఇల్లు లేదు. నా బాధంతా అక్కడే.

కెన్యాలోనే కాదు, లోకంలో ఎక్కడ చూసినా ఇలాంటి చోట్ల ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. 2003 నుంచి అక్కడ ప్రాథమిక బడికి ఫీజు లేదు, అయినా యూనిఫాం, భోజనం, పుస్తకాలు అంటూ ఖర్చు తప్పదు, ఇంటద్దె కట్టలేని తల్లి ‘అక్కడైతే మూడు పూటలా తింటుంది’ అని తెచ్చి వదిలేస్తుంది. యాకోబు పత్రిక 1:27 మరోసారి చదవండి. దిక్కులేని పిల్లలతో పాటు ఆ వెంటనే విధవరాండ్రు కూడా ఉన్నారు కదా. మనం పిల్లని తీసుకుని ఆ తల్లిని గేటు బయటే వదిలేశాం. పిల్ల పేరున నెలనెలా స్పాన్సర్ పంపే డబ్బులో కొంత ఆ తల్లి అద్దెకో, కుట్టుమిషన్‌కో పోతే పిల్ల అసలు హోముకే రాదు.

కెన్యా ప్రభుత్వం 2017లో కొత్త హోముల రిజిస్ట్రేషన్ ఆపింది. 2022లో పదేళ్ల ప్రణాళిక ప్రకటించి పిల్లల్ని మెల్లగా బంధువుల దగ్గరికో, పెంపుడు కుటుంబాలకో చేర్చాలంటోంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా 2019లో అనాథాశ్రమాల చుట్టూ తిరిగే టూరిజం, వాలంటీరింగ్ వల్ల పిల్లలకి హాని జరగవచ్చని చెప్పింది. అలాగని రేపే తాళం వేయమని నేననను. కొట్టే ఇంటి నుంచి తప్పించిన పిల్లలు, ఎవరూ మిగలని పిల్లలు ఉన్నారు, వాళ్లకి ఈ రాత్రి పడుకోవడానికి చోటు కావాలి. మీరు సహాయం పంపే హోముని మాత్రం ఒకటి అడగండి: పోయినేడాది ఎంతమందిని ఇంటికి చేర్చారు? ఈ ప్రశ్నకి తడబడకుండా చెప్పేవాళ్లకి ధైర్యంగా పంపండి.

మా తెలుగు చర్చి యూత్ పదిమంది పది రోజులు వెళ్దామనుకుంటున్నాం. వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి నడిపే బైబిల్ బడి), గిఫ్టులు, గోడలకి రంగులు ప్లాన్ చేశాం. – ఒక తమ్ముడు, డాలస్

తమ్ముడూ, రంగులు వేయడానికి నకూరులో పెయింటర్లు ఉన్నారు, వాళ్లకీ పిల్లలున్నారు. మీ పదిమంది టికెట్ల డబ్బుతో ఒక సోషల్ వర్కర్‌కి ఎన్ని నెలల జీతం వస్తుందో హోముని అడిగి లెక్క వేయండి, ఆ తర్వాత నిర్ణయించుకోండి. అప్పటికీ వెళ్తాం అంటే పిల్లల గదుల్లోకి వెళ్లకండి, అక్కడి సంఘంలో ఆదివార బడి టీచర్లతో కలిసి పనిచేయండి, మీరు వచ్చేశాక ఉండేది వాళ్లే. ఫోటోల గురించి గొడవ పడటానికి కూడా సిద్ధంగా ఉన్నాను. పిల్లల మొహాలు ఫేస్‌బుక్‌లో వద్దు. ‘ఈ పాప తల్లి ఎలా చనిపోయిందంటే’ అని తిరిగొచ్చి సాక్ష్యంలో చెప్పడం అసలు వద్దు, అది ఆ పాప చెప్పుకోవాల్సిన సంగతి, లేదా దాచుకోవాల్సిన సంగతి. మీ సొంత చెల్లి గురించి మైకులో అలా చెప్తారా?

తిరిగి వచ్చేశాక పిల్లలతో ఫోన్లో మాట్లాడొచ్చా? ఒక బాబు ‘మళ్లీ వస్తావా’ అని అడుగుతున్నాడు. – ఒక సోదరి, విజయవాడ

వస్తానని చెప్పకండి, టికెట్ కొనేదాకా. ‘ప్రభువు చిత్తమైతే’ అని కూడా అనకండి, పిల్లలకి అందులో ‘వస్తుంది’ ఒక్కటే వినపడుతుంది. మీ నంబరు బాబుకి ఇవ్వకుండా సోషల్ వర్కర్‌తో మాట్లాడండి, ఆవిడ సరే అంటే ఆవిడ ఫోన్లోనే, చెప్పిన రోజున, చెప్పిన వేళకి. రెండు గంటల ముప్పై నిమిషాల తేడా ఉంది, మనకి రాత్రి తొమ్మిదైతే వాళ్లకి ఆరున్నర, సరిగ్గా స్నానాలు, హోంవర్క్ జరిగే గోల సమయం, అప్పుడు చేయకండి. ఆవిడ వద్దంటే కారణం అడగకుండా మానేయండి. బాబు మేనమామ ఇంటికి వెళ్లే మాట నడుస్తూ ఉండొచ్చు, అలాంటప్పుడు మన ఫోన్ అడ్డం.