రీయూనియన్ బాధ్యత నెత్తినేసుకున్న తమ్ముడికి

తమ్ముడూ,

నాలుగు బ్యాచ్‌లని కలిపి శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా హైస్కూల్ రీయూనియన్ పెడుతున్నారని, ఆ పనంతా నువ్వు నెత్తినేసుకున్నావని విని చాలా సంతోషమేసింది. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నా. ఇలాంటివి నేను మూడు చేశాను. హాలు, భోజనాలు, మైకు అన్నీ ఎలాగోలా జరిగిపోయాయి, నీకూ జరిగిపోతాయి. నేను తప్పు చేసిన చోటు వేరే ఉంది, ముందు అది చెప్తాను.

మొదటి రీయూనియన్ అయిపోయాక సామాన్లు సర్దుతుంటే గేటు పక్కన అరుగు మీద ఒక బ్యాడ్జి కనపడింది. పిన్ను విప్పనే లేదు. పేరు చూస్తే నాకంటే రెండేళ్ళు చిన్న బ్యాచ్ అబ్బాయిది, రిజిస్టర్‌లో సంతకం కూడా ఉంది. మర్నాడు ఫోన్ చేస్తే ఏదో పని పడి వెళ్ళిపోయానన్నాడు, కాసేపు మాట్లాడాక అసలు మాట బయటికొచ్చింది. "లోపల అందరూ గుంపులు గుంపులుగా ఉన్నారక్కా, ఏ గుంపులోకి వెళ్ళాలో తెలీలేదు, కాసేపు అక్కడే కూర్చుని వచ్చేశా." అంత దూరం ప్రయాణం చేసి వచ్చిన మనిషి, పాతిక అడుగుల దూరంలో మేమందరం ఫొటోలు దిగుతుంటే, ఎవరూ తనవైపు తిరక్కుండానే వెళ్ళిపోయాడు.

నువ్వు చేసే ప్రతి ఏర్పాటూ ఆ అరుగు మీద కూర్చున్నవాణ్ణి తలుచుకుని చెయ్యి. ఎప్పుడూ కలుసుకునేవాళ్ళు నువ్వేం చెయ్యకపోయినా కలుస్తారు.

పిలిచే దగ్గర్నుంచే చూసుకో. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు కాబట్టి నాలుగు బ్యాచ్‌లనీ ఒకదాంట్లోనే వేసేద్దాం అనిపిస్తుంది, వద్దు, రెండు రోజుల్లో గుడ్ మార్నింగ్‌లూ ఫార్వర్డ్‌లూ మొదలై అసలు తేదీ ఎవరికీ కనపడకుండా పోతుంది. బ్యాచ్‌కొక గ్రూపు, అందరికీ కలిపి అడ్మిన్లు మాత్రమే రాసేది ఇంకొకటి, అంతే. గ్రూపులో మెసేజ్ చూసి వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తారు, మిగతావాళ్ళకి మాత్రం ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి. ఒక్కొక్కరికి పదిహేను పేర్లకి మించి ఇవ్వకు. ఫోన్ చేసేది క్లాస్ ఫస్ట్ వచ్చినవాళ్ళు కాకుండా, పక్క బెంచీలో కూర్చున్నవాళ్ళయితే మంచిది. "ఎందుకు రావు?" అని నిలదియ్యొద్దని ముందే చెప్పు. ఫలానా వాళ్ళు వస్తున్నారు, నీ గురించి అడిగారు అంటే చాలు (నిజంగా అడిగి ఉంటేనే). ఆర్నెల్ల ముందు మొదలుపెట్టు, విదేశాల నుంచి వచ్చేవాళ్ళుంటే ఇంకా ముందే.

ఈ ఫోన్లలోనే ఎవరెవరు పోయారో కూడా తెలుస్తుంది. ఇక్కడ చాలా జాగ్రత్త. ఇంట్లోవాళ్ళతో మాట్లాడి నిర్ధారించుకోకుండా ఒక్క పేరు కూడా ఆ జాబితాలోకి ఎక్కించకు, పేర్లు కలిసిపోయి బతికున్న మనిషికి నివాళులర్పించిన సభ నేను చూశాను. ఇంకో సంగతి, ఆ జాబితా నెల ముందే అందరికీ పంపు. తనతో పాటు ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితురాలు లేదన్న విషయం హాల్లో తెర మీద ఫొటో చూసి తెలుసుకుని, ఒకామె నా పక్కనే కుప్పకూలిపోయింది. ఆ తప్పు నువ్వు చెయ్యొద్దు.

డబ్బు విషయం టూకీగా చెప్తాను. చందా తక్కువ పెట్టు, అందులో భోజనం, హాలు తప్ప ఏమీ కలపకు. టీ షర్టులు, జ్ఞాపికలు కావాల్సినవాళ్ళు వేరే కొనుక్కుంటారు. ఇవ్వలేనివాళ్ళ బదులు ఇచ్చేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, ఎవరు ఎవరికిచ్చారో ఒక్క మనిషికి మాత్రమే తెలియాలి. ఇద్దరి సంతకాలతో విడిగా ఖాతా తెరువు, లెక్క వారంలో పెట్టెయ్.

బ్యాడ్జి చిన్న విషయం అనుకోకు. పేరు నాలుగడుగుల దూరం నుంచి కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత పెద్దగా ఉండాలి, స్కూల్లో పిలిచిన పేరే ఉండాలి, ఆడపిల్లలకి పెళ్ళికి ముందున్న ఇంటిపేరు కూడా. కింద బ్యాచ్ సంవత్సరం, వీలైతే అప్పటి ఫొటో. ఉద్యోగం, హోదా మాత్రం ససేమిరా వద్దు. కుడివైపు పెట్టుకోమని చెప్పు, చెయ్యి కలిపేటప్పుడు చూపు అటే పోతుంది.

శుక్రవారం సాయంత్రం ఏ కార్యక్రమమూ లేకుండా వదిలెయ్. శనివారం పొద్దున ఎవరి బ్యాచ్ గదిలో వాళ్ళు, మధ్యాహ్నం నుంచి అందరూ కలిసి. భోజనాల దగ్గర మాత్రం బ్యాచ్‌లవారీగా కూర్చోబెట్టొద్దు. ఒకే బస్సులో వచ్చినవాళ్ళు, ఒకే టీములో ఆడినవాళ్ళు, నాటకాలు వేసినవాళ్ళు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఇలా బల్లలు పెట్టి చూడు, నాలుగు బ్యాచ్‌లు కలిపినందుకు ప్రయోజనం అప్పుడు తెలుస్తుంది. తన క్లాసులో ఒక్కరితోనూ పొసగనివాడికి కూడా సీనియర్లలో ఒక అన్న ఉండే ఉంటాడు.

కార్యక్రమాలు తగ్గించు, నిజంగా తగ్గించు. నలభై దాటినవాళ్ళని జీవితంలో గుర్తున్న సంగతులు చెప్పమంటే, పదేళ్ళ వయసుకీ ముప్పైకీ మధ్యవే ఎక్కువ వస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎప్పుడో గమనించారు. అంటే కబుర్లన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి, కుర్చీలూ నిశ్శబ్దమూ ఇస్తే చాలు. వయసు పెరిగేకొద్దీ ముందు పోయేది సన్నని ధ్వనుల వినికిడి, చుట్టూ గోల ఉంటే ఎదుటివాళ్ళ మాట అర్థమే కాదు, అందుకే పగలంతా డీజే వద్దు.

టీచర్లని స్టేజీ మీద మూడు గంటలు కూర్చోబెట్టకు. ప్రశాంతంగా ఉన్న గదిలో కూర్చోబెట్టి, వచ్చిన ప్రతివాళ్ళ పేరూ బ్యాచ్చూ చెప్పే మనిషిని పక్కన పెట్టు. "నేనెవరో గుర్తుపట్టండి మాస్టారూ" అని ఎవరూ అడగొద్దని ముందే గ్రూపుల్లో రాయి. ఎనభై ఏళ్ళ మనిషి, గుర్తురాక, కుర్రాడి మొహంలోకి చూస్తూ క్షమించమన్నట్టు నవ్వడం నేను చూశాను, చూడలేకపోయాను.

గేటు దగ్గర రెండు పూటలా ఇద్దరేసి ఉండాలి. దారి చూపించి ఊరుకుంటే కుదరదు, ఒంటరిగా వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని తీసుకెళ్ళి, తెలిసినవాళ్ళ మధ్య కూర్చోబెట్టి, అప్పుడు వెనక్కి రావాలి. రెండోసారి ఈ పనికి నేను ఆ బ్యాడ్జి వదిలేసి వెళ్ళిన అబ్బాయినే అడిగాను. వద్దక్కా అన్నాడు, మళ్ళీ అడిగితే వచ్చాడు, మధ్యాహ్నం దాకా గేటు వదల్లేదు.

నీ గేటు దగ్గర ఎవర్ని పెడుతున్నావో ఆలోచించి ఈ ఆదివారంలోగా నాకు ఫోన్ చెయ్యి. పేర్ల జాబితాలు కూడా పంపు, నాకు తెలిసినవాళ్ళకి నేను చేస్తాను.

మీ అక్క